బెర్లిన్‌లో మా గుమ్మం ముందున్న ఇత్తడి పలకల కుటుంబం గురించి రికార్డులేమైనా మిగిలి ఉంటాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఉద్యోగం మీద బెర్లిన్ వచ్చి ఒక పాత భవనంలో అద్దెకు దిగారు. గుమ్మం ముందు కాలిబాటలో, నాజీలు చంపినవారి గుర్తుగా పొదిగే ఇత్తడి పలకలు నాలుగున్నాయి. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు. ‘ఇక్కడ నివసించారు’ అన్న మాట, పుట్టిన సంవత్సరాలు, 18.10.1941న లోడ్జ్‌కు (పోలండులోని ఊరు) తరలింపు, 1942లో కుల్మ్‌హోఫ్‌లో (నాజీల హత్యా శిబిరం) హత్య. మీ ఆరేళ్ల అమ్మాయి ‘వీళ్లెవరు నాన్నా?’ అని అడిగితే మీ దగ్గర జవాబు లేకపోయింది. యూదుల రికార్డులన్నీ యుద్ధంలో తగలబడిపోయాయని ఎవరో చెప్పారు. అది నిజమేనా, కాకపోతే ఎక్కడ వెతకాలి, ఆ పలకలను మీరు శుభ్రం చేయవచ్చా అని అడిగారు.

అది నిజం కాదు. మీరు ఊహించిన దానికంటే చాలా ఎక్కువే మిగిలాయి. బెర్లిన్ నుంచి తరలించిన కుటుంబమైతే కనీసం మూడు నాలుగు చోట్ల వాళ్ల పేర్లు దొరుకుతాయనే ఆశతో మొదలుపెట్టవచ్చు. అయితే ఒక మాట ముందే చెప్పాలి. యుద్ధకాలం నాటి కాగితాల్లో ఎక్కువ భాగం వాళ్లను చంపిన యంత్రాంగం రాసుకున్నవే. వాటితోనే ఆగిపోతే ఆ నలుగురూ మీకు ఒక జాబితాలో నాలుగు వరుసలుగా మిగిలిపోతారు. అంతకు ముందు వాళ్ల సమాజం రాసుకున్నవి, ఘెట్టోలో, అంటే యూదులను బంధించి ఉంచిన పేటలో, వాళ్లు స్వయంగా రాసినవి, యుద్ధం తర్వాత బతికి ఉన్న బంధువులు రాసినవి కూడా వెతకండి. మీ అమ్మాయి అడిగినదానికి జవాబు అక్కడ ఉంటుంది.

నేను హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పని నేర్చుకుని, తర్వాత జర్మనీకి వచ్చాను. ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి కుటుంబాల పత్రాలు వెతికిపెట్టడమే నా పని. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు. మీలాగా ఏ రక్తసంబంధమూ లేని పొరుగువారు అడగడం అరుదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఇన్ని కాగితాలు ఎలా మిగిలాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది. బెర్లిన్ గెస్టపో, అంటే నాజీ రహస్య పోలీసు, తన ఫైళ్లను యుద్ధం ముగిసేలోపు చాలావరకు నాశనం చేసింది. కానీ తరలింపు అన్నది గెస్టపో ఒక్కటే చేసిన పని కాదు. రైల్వే, పురపాలక సంఘం, గృహవసతి కార్యాలయం, బ్యాంకులు, అన్నిటికంటే ముఖ్యంగా ఆదాయపు పన్ను వసూలు చేసే ఆర్థిక శాఖ అందులో పాలుపంచుకున్నాయి. ఒక కుటుంబాన్ని రైలెక్కించాక వాళ్ల ఇల్లు, మంచాలు, బ్యాంకు ఖాతా ప్రభుత్వానికి దఖలు పడాలి. అందుకు ప్రతి మనిషి పేరిట ఒక ఫైలు తెరిచారు. ఆ శాఖకు తన ఫైళ్లను తగలబెట్టాలన్న ఆలోచనే రాలేదు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది మామూలు వసూళ్ల లెక్క. చంపిన కాగితాలు కాలిపోయాయి, దోచిన కాగితాలు మిగిలాయి. ఈ ఒక్కటి గుర్తుంటే సగం పని అయినట్టే.

ఆ ఫైళ్లు సుమారు 40,000కు పైగా ఇప్పుడు పోట్స్‌డామ్‌లోని బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీరు మొదట అర్జీ పెట్టవలసింది అక్కడే. తరలించేముందు ప్రతి పెద్ద మనిషీ ఆస్తుల వివరాల ఫారం నింపాలి. సాధారణంగా అది 16 పేజీలు. ఎన్ని కుర్చీలు, ఎన్ని దిండు గలేబులు, ఎన్ని చెంచాలు, ఎన్ని చేతి రుమాళ్లు అని ఒక్కో వస్తువుకు ఒక్కో గడి. చివర సంతకం. చాలామంది విషయంలో వాళ్ల చేతిరాతలో మిగిలిన చివరి కాగితం ఇదే. లోడ్జ్‌కు వెళ్లినవారికి ఆస్తి జప్తు ఉత్తర్వును కోర్టు అమీనా స్వయంగా తెచ్చి, రైలు ఎక్కించడానికి జనాన్ని కూర్చిన చోటే చేతికిచ్చి నమోదు చేసుకునేవాడు. అలా కూర్చిన చోటు లెవెట్సోవ్ వీధిలోని సినగాగ్. అంటే వాళ్లు ప్రార్థన చేసుకునే మందిరమే.

ఒకసారి నేను ఒక బొత్తాల వర్తకుడి ఫైలు చూశాను. ఆయనను, భార్యను, కూతురిని కూడా 1941 అక్టోబరులోనే లోడ్జ్‌కు పంపారు. ఫైల్లో ఆయన రాసిన పేజీలకంటే ఆయన వెళ్లాక పోగైన పేజీలే ఎక్కువ. సీలు వేసిన ఇంటికి నాలుగు నెలల అద్దె బాకీ ఉందని ఇంటి యజమాని రాసిన ఉత్తరం. గ్యాస్ బిల్లు. సామాన్లకు వెలకట్టినవాడి రశీదు. కుట్టుమిషన్‌ను ఎవరో కొనుక్కున్నట్టు ఒక చీటీ. ఆ కుటుంబం అప్పటికి బతికి ఉందో లేదో ఆ ఉత్తరాల్లో ఎవరూ అడగలేదు. ఆ ఫైలు చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మీరు కూడా ఇలాంటివి చదవడానికి సిద్ధపడే వెళ్లండి. పక్కన ఒకరు తోడుంటే మంచిది.

ఇక అంతకు ముందరి కాలం. జర్మనీలో యూదుల సమాజం తన లెక్క తాను రాసుకునే సమాజం. ప్రతి ఊరి సమాజానికీ ‘పింకాస్’ అనే చిట్టా ఉండేది. మన ఊళ్లలో కరణం కవిలె కట్టలాగా, ఎవరు చందా ఇచ్చారు, ఎవరు ఎప్పుడు చనిపోయారు, ఎవరెవరికి పేచీ వచ్చింది, పెద్దలు ఏమని తీర్పు చెప్పారు అన్నీ అందులో ఉంటాయి. అంత్యక్రియలు చేసే సంఘానిది వేరే చిట్టా. 1905లో బెర్లిన్‌లో జర్మన్ యూదుల సమగ్ర ఆర్కైవ్స్ అనే సంస్థ పుట్టింది. ఊరూరా ఉన్న సమాజాల చిట్టాలను ఒకచోట చేర్చి కాపాడాలన్నది దాని ఆశయం. పల్లెల నుంచి యూదులు నగరాలకు తరలిపోతుండడంతో పాత కాగితాలు చెదలు పట్టిపోతాయని అప్పటి పెద్దల భయం.

తర్వాత జరిగింది తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఎవరికి యూదు తాతలున్నారో తేల్చడానికి నాజీ ప్రభుత్వానికి సరిగ్గా ఇలాంటి పుట్టుకల చిట్టాలే కావలసి వచ్చాయి. 1938 నవంబరు 9 రాత్రి యూదుల మీద జరిగిన నాజీ దాడుల తర్వాత ఆ ఆర్కైవ్స్‌ను స్వాధీనం చేసుకున్నారు. దాని అధిపతి యాకోబ్ యాకోబ్సన్‌ను అక్కడే పనిచేయించారు. 1943లో ఆయనను కూడా టెరెజీన్ శిబిరానికి పంపారు. ఆయన బతికి బయటపడి ఇంగ్లండులో స్థిరపడ్డారు. ప్రేమతో పోగుచేసిన కాగితాలు మనుషులను ఏరడానికి పనిముట్లయ్యాయి. 1939 మే 17న జరిగిన జనాభా లెక్కల్లో తాతమామ్మలు నలుగురిలో ఎవరెవరు యూదులో రాయాలంటూ ప్రతి ఇంటికీ ఒక అదనపు కార్డు ఇచ్చారు. అది కూడా అందుకే. ఆ కార్డులు చాలావరకు ఇప్పుడు జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీరు వెతికే కుటుంబం ఆ రోజున ఏ ఇంట్లో, ఎవరితో కలిసి ఉందో అందులో తెలుస్తుంది.

రికార్డు అంటే మంచిదేనని అనుకునే మా వృత్తివాళ్లకు ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగినదాన్ని నేను తరచూ గుర్తుచేస్తాను. అక్కడ పౌరుల రిజిస్టరు ఎంత పకడ్బందీగా ఉండేదంటే, యూదులను వెతికి పట్టుకోవడం ఆ దేశాన్ని ఆక్రమించిన జర్మన్లకు సులువైపోయింది. 1943 మార్చి 27న కొందరు ప్రతిఘటన యోధులు ఆ కార్యాలయంలోకి చొరబడి రిజిస్టరుకు నిప్పుపెట్టారు. కొంత భాగమే కాలింది. చిత్రకారుడు విల్లెమ్ అరోండేయుస్‌తో సహా అందులో పాల్గొన్న పలువురిని ఆ జూలైలో కాల్చి చంపారు. ఒక ఆర్కైవ్స్‌ను తగలబెట్టడం పుణ్యకార్యం కావడం నా వృత్తి జీవితంలో నేను ఒప్పుకున్న సందర్భం అదొక్కటే.

మళ్లీ బెర్లిన్‌కు వద్దాం. యుద్ధం తర్వాత ఆ సమగ్ర ఆర్కైవ్స్‌లో మిగిలినవి రెండుగా చీలిపోయాయి. కొంత భాగం 1950లలో జెరూసలేంలోని యూదు ప్రజల చరిత్ర కేంద్ర ఆర్కైవ్స్‌కు వెళ్లింది. కొంత భాగం తూర్పు జర్మనీలో ఉండిపోయి, తర్వాత బెర్లిన్‌లో ఒరానియన్‌బుర్గర్ వీధి కొత్త సినగాగ్‌లోని కేంద్రానికి చేరింది. ఇవి కాక సోవియట్ సైన్యం మాస్కోకు తీసుకెళ్లినవి ఉన్నాయి. వాటి సంగతి 1990 దాకా బయటి ప్రపంచానికి తెలియనే తెలియదు. మీరు వెతికే కుటుంబం మూడు తరాల కిందట ఏదో చిన్న ఊరి నుంచి బెర్లిన్ వచ్చి ఉంటే, ఆ ఊరి చిట్టా బెర్లిన్‌లోనే దొరకాలని లేదు. ఒకచోట ‘లేదు’ అంటే అది ఎక్కడా లేదని అర్థం కాదు. మా పనిలో సగం కాలం ఒకే కట్ట మూడు దేశాల్లో ఎలా పంచుకుపోయిందో తెలుసుకోవడంలోనే గడుస్తుంది.

అంత దూరం వెళ్లేలోపు దగ్గర్లో దొరికేవి చూడండి. పాత బెర్లిన్ చిరునామా పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఏటా అచ్చయ్యేవి. ఇంటి పెద్ద పేరు, వృత్తి, వీధి, నంబరు ఉంటాయి. సంవత్సరం వెంట సంవత్సరం వెనక్కి తిప్పుతూ పోతే ఆయన ఎప్పుడు మీ భవనంలో దిగాడో, ఎప్పుడు దుకాణం తెరిచాడో, ఏ ఏడాది ఆ దుకాణం పుస్తకంలోంచి మాయమైందో కనిపిస్తుంది. పేరు పక్కన ‘వర్తకుడు’ అన్న మాట పోయి ఉత్త పేరే మిగలడం నేను ఎన్నిసార్లు చూశానో! పుట్టుక, పెళ్లి, మరణం రిజిస్టర్లను బెర్లిన్ ఉన్న ప్రష్యా రాజ్యంలో ప్రభుత్వం 1874 అక్టోబరు నుంచి నడిపింది. పుట్టుకలవి 110 ఏళ్లు, పెళ్లిళ్లవి 80, మరణాలవి 30 ఏళ్లు దాటితే ఎవరైనా చూడవచ్చు.

ఆ రిజిస్టర్లలో పుట్టుక నమోదు దొరికితే మార్జిన్ తప్పకుండా చూడండి. 1938 ఆగస్టు ఉత్తర్వు ప్రకారం, ప్రభుత్వం ఆమోదించిన యూదు పేర్ల పట్టికలో లేని పేరున్న ప్రతి యూదు పురుషుడూ ‘ఇస్రాయెల్’ అని, స్త్రీ ‘సారా’ అని అదనపు పేరు చేర్చుకోవాలి. 1939 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ సంగతిని ఎప్పుడో పుట్టిన రోజున రాసిన నమోదు పక్కన కూడా ఎక్కించారు. యుద్ధం తర్వాత చాలాచోట్ల అదే మార్జిన్‌లో దాని కిందే ‘పై నమోదు రద్దు’ అని మరో గుమాస్తా రాశాడు. ఒకే పేజీలో మూడు కాలాలు. కొత్తగా వెతికేవాళ్లు ‘సారా’ను అసలు పేరనుకుని దానితో వెతికి ఏమీ దొరక్క నిరాశపడతారు. మీరు ఆ పొరపాటు చేయకండి. మీ అమ్మాయికి చెప్పేటప్పుడు కూడా తల్లిదండ్రులు పెట్టిన పేరే చెప్పండి.

ఇంకో చిక్కు చిరునామా. పలక మీద ఉన్నది సాధారణంగా ఆ కుటుంబం తన ఇష్టంతో ఉన్న చివరి ఇల్లు. 1939 ఏప్రిల్‌లో అద్దె చట్టం మార్చి యూదులను ఇళ్ల నుంచి వెళ్లగొట్టి, కొన్ని ఇళ్లలో ఇరుకిరుకుగా కుక్కారు. కాబట్టి తరలింపు జాబితాలో మీ భవనం కాక వేరే చిరునామా ఉంటే కంగారుపడకండి. వాళ్లే వీళ్లు. పైగా బెర్లిన్‌లో ఎన్నో వీధుల పేర్లు రెండు మూడుసార్లు మారాయి, ఇళ్ల నంబర్లు కూడా మారాయి. పాత పటం పక్కన పెట్టుకునే చదవాలి.

ఇప్పుడు లోడ్జ్. పోలండువాళ్లు ఆ ఊరిని ‘వూచ్’ అంటారు. జర్మన్లు 1939లో ఆక్రమించి, 1940లో ‘లిట్స్‌మాన్‌స్టాట్’ అని పేరు మార్చారు. వెతికేటప్పుడు రెండు పేర్లూ ప్రయత్నించండి. 1941 అక్టోబరు 18న గ్రూనెవాల్డ్ స్టేషను నుంచి వెయ్యిమందికి పైగా జనంతో బయలుదేరింది బెర్లిన్ నుంచి వెళ్లిన మొట్టమొదటి రైలు. మీ గుమ్మం ముందు కుటుంబం ఎక్కింది ఆ రైలే. అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటివారం వరకు బెర్లిన్, వియన్నా, ప్రాగ్, ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్, హాంబుర్గ్, లక్సెంబర్గ్‌ల నుంచి దాదాపు 20,000 మందిని, అప్పటికే ఆకలితో అలమటిస్తున్న ఆ ఘెట్టోలో దింపారు.

ఆ ఘెట్టోకే ఒక ఆర్కైవ్స్ విభాగం ఉండేది. 1940 నవంబరులో ఘెట్టోలోని యూదు పాలనామండలి దాన్ని ఏర్పాటు చేసింది. అందులోని గుమాస్తాలు, పత్రికా రచయితలు, పండితులు 1941 జనవరి నుంచి 1944 జూలై చివరి వరకు రోజువారీ దినచర్య రాశారు. ఆ రోజు వాతావరణం, జననాలు, మరణాలు, రొట్టె ఎంత ఇచ్చారు, బంగాళాదుంపలు ఎప్పుడు వచ్చాయి, వీధిలో ఏ పుకారు తిరుగుతోంది. పైనుంచి జర్మన్ల కన్ను ఉండడంవల్ల వాళ్లు అన్నీ బాహాటంగా రాయలేకపోయారు. అయినా చదివేకొద్దీ తెలుస్తుంది, మాట కింద మాట ఎలా దాచారో. ఘెట్టోను ఖాళీ చేసినప్పుడు శుభ్రం చేసే ముఠాలో ఉండిపోయిన నఖ్‌మన్ జోనాబెండ్ అనే టపా ఉద్యోగి ఈ కాగితాల్లో ఎన్నిటినో దాచి కాపాడాడు. ఛాయాగ్రాహకుడు హెన్రిక్ రాస్ తన నెగెటివులను భూమిలో పాతిపెట్టి, ఊరికి విముక్తి దొరికాక తవ్వి తీశాడు. సగం దాకా నీటికి పాడైపోయాయి.

లోడ్జ్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మీరు వెతకవలసినవి ముఖ్యంగా రెండు. ఒకటి ఘెట్టో నివాసుల నమోదు. ఏ వీధిలో, ఏ గదిలో, ఎంతమందితో ఉన్నారో అందులో ఉంటుంది. రెండోది అర్జీలు. 1942 ఏప్రిల్ చివర్లో, పశ్చిమం నుంచి వచ్చినవారిని ఘెట్టో నుంచి మళ్లీ ఎక్కడికో పంపిస్తామన్నారు. ఎక్కడికో వాళ్లకు తెలియదు. పోకుండా ఉండడానికి వాళ్లు రాసుకున్న అర్జీలు కట్టలు కట్టలుగా మిగిలాయి. బొత్తాల వర్తకుడి అర్జీ నాకు అక్కడే దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తాను జర్మనీ తరఫున పోరాడి గాయపడ్డానని, ఐరన్ క్రాస్ పతకం ఉందని, తన కూతురు కుట్టుపని బాగా చేస్తుందని రాశాడు. పోట్స్‌డామ్‌లో చూసిన కుట్టుమిషన్ ఎవరిదో నాకు ఆ వాక్యంతో తెలిసింది. రెండు కాగితాల మధ్య వందల కిలోమీటర్ల దూరం. ఏ ఒక్కటి చదివినా ఆ అమ్మాయి నాకు తెలిసేది కాదు.

ఆ ఆర్కైవ్స్‌లోనే పంపని పోస్టుకార్డులు వేలకొద్దీ ఉన్నాయి. ఘెట్టోకు వచ్చిన కొత్తలో వాళ్లు బంధువులకు, స్నేహితులకు, ఇంటి పక్కవాళ్లకు రాసినవి. టపా ఆపేయడంతో అవి అక్కడే ఉండిపోయాయి. మీ కుటుంబం రాసింది ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. ఉందేమోనని అడగడం మాత్రం మానకండి.

1942 మే 4 నుంచి 15 వరకు పశ్చిమ యూదుల్లో సుమారు 11,000 మందిని కుల్మ్‌హోఫ్‌కు తీసుకెళ్లారు. పోలిష్‌లో హెల్మ్నో. 1941 డిసెంబరు నుంచే అక్కడ ట్రక్కుల్లో పొగ పట్టించి చంపుతున్నారు. అక్కడ చనిపోయినవారి పేర్ల జాబితా అంటూ ఏదీ రాయలేదు. పలక మీద తేదీ ఉందంటే అది ఘెట్టో నుంచి బయలుదేరిన తేదీని బట్టి పరిశోధకులు తేల్చినది. ఆష్‌విట్స్ విషయంలోనూ ఇంతే. రైలు దిగగానే గ్యాస్ గదులకు పంపినవారిని ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు. అక్కడ మిగిలిన మరణాల పుస్తకాల్లో సుమారు 69,000 పేర్లున్నాయి, కానీ అవి శిబిరంలో నమోదైన ఖైదీలవి మాత్రమే. వాటిలోని ‘గుండె ఆగి మరణం’ లాంటి కారణాలను నమ్మకూడదు. జాబితాలో పేరు లేకపోవడాన్ని చూపి ‘అయితే చనిపోలేదేమో’ అనేవాళ్లు మీకు ఇంటర్నెట్‌లో తారసపడతారు. వాళ్ల వాదనలోని మోసం ఇక్కడే ఉంది.

పదాల విషయంలోనూ జాగ్రత్త. జర్మన్ ఫైళ్లలో ‘వలస వెళ్లారు’, ‘ఖాళీ చేయించబడ్డారు’, ‘తూర్పునకు’ అని కనిపిస్తుంది. పోలీసు కార్డు మీద ‘చిరునామా తెలియదు’ అని కూడా రాస్తారు. ఇవన్నీ ఒకే సంగతికి ముసుగులు. అనువాద యంత్రం వాటిని ఉన్నదున్నట్టు తెలుగులోకి దింపితే ఆ కుటుంబం ఏదో మంచి అవకాశం చూసుకుని ఊరు మారినట్టే ఉంటుంది. చేతిరాత మరో అడ్డంకి. అప్పటి జర్మన్ గొలుసుకట్టు లిపి నేటి జర్మన్లలో చాలామందికే రాదు. మీ భవనంలోనే ఎనభై దాటిన ముసలావిడ ఎవరైనా ఉంటే అడిగి చూడండి. తల్లి ఉత్తరాలు చదివిన అలవాటుతో ఆ తరంలో కొందరు ఇప్పటికీ చదవగలరు.

బాధితులు స్వయంగా రాసినవాటి గురించి చెప్పి వార్సా ప్రస్తావన తేకుండా ఉండలేను. అది మీ కుటుంబం ఊరు కాకపోయినా మా వృత్తికి అంతకు మించిన ఆదర్శం లేదు. చరిత్రకారుడు ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లుమ్ 1940 శరత్కాలంలో వార్సా ఘెట్టోలో కొన్ని డజన్ల మందిని కూడగట్టి రహస్యంగా ఆర్కైవ్స్ నడిపాడు. డైరీలు, పిల్లల వ్యాసాలు, రేషను కార్డులు, మిఠాయి కాగితాలు, ట్రాము టికెట్లు, ఊళ్ల నుంచి పారిపోయి వచ్చినవారి వాంగ్మూలాలు అన్నీ పోగుచేశారు. 1942 ఆగస్టులో పది లోహపు పెట్టెల్లో ఒక భాగం, 1943 ఫిబ్రవరిలో రెండు పాలక్యాన్లలో మరో భాగం పాతిపెట్టారు. మొదటిది 1946 సెప్టెంబరులో, రెండోది 1950 డిసెంబరులో శిథిలాల కింద దొరికాయి. మూడో భాగం కూడా పాతిపెట్టారంటారు, అది నేటికీ దొరకలేదు. మొత్తం సుమారు 35,000 పేజీలు. రింగెల్‌బ్లుమ్‌ను 1944 మార్చిలో చంపారు. ఆ బృందంలో బతికింది ముగ్గురే. వాళ్లలో ఒకరైన హెర్ష్ వాసెర్ చోటు చూపకపోతే మొదటి పెట్టెలు కూడా దొరికేవి కావు. తమ గురించి హంతకుల కాగితాలే మిగలకూడదన్న పట్టుదల వాళ్లది. ఆకలితో చస్తూ ఆ పని చేశారు.

యుద్ధం తర్వాతి కాగితాలు చాలామంది వెతకనే వెతకరు. అక్కడే కుటుంబం మళ్లీ మనుషులుగా కనిపిస్తుంది. ఆ నలుగురిలో ఎవరూ మిగలకపోయినా, 1939కి ముందే ఇంగ్లండుకో అమెరికాకో షాంఘైకో చేరిన అన్నో చెల్లెలో ఉండవచ్చు. 1950లలో పశ్చిమ జర్మనీ నష్టపరిహార చట్టం తెచ్చాక అలాంటి బంధువులు దరఖాస్తులు పెట్టారు. బెర్లిన్‌లో ఆ ఫైళ్లు పరిహార కార్యాలయంలో ఉన్నాయి. దోచిన ఆస్తుల వాపసు కేసులు బెర్లిన్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో అన్న తన తమ్ముడి దుకాణాన్ని వర్ణిస్తాడు, ఆ ఇంట్లో పియానో ఎక్కడ ఉండేదో చెబుతాడు, పొరుగువాళ్లు సాక్ష్యం రాస్తారు. డబ్బు కోసం రాసిన కాగితమే అయినా దుఃఖం ప్రతి పేజీలోనూ ఉంటుంది.

ఒక తేదీ గురించి హెచ్చరిస్తాను. ఆ ఫైళ్లలో ‘8.5.1945న మరణించినట్టు ప్రకటన’ అని తరచూ కనిపిస్తుంది. ఒకాయన తన అమ్మమ్మ యుద్ధం ముగిసిన రోజే పోయిందని, ఒక్క రోజు ఆగితే బతికేదని జీవితమంతా కుమిలిపోయాడు. అది నిజమైన తేదీ కాదు. జాడ తెలియనివారిని చట్టప్రకారం మృతులుగా ప్రకటించడానికి కోర్టులు వాడుకున్న తేదీ. ఆమెను పంపిన రైలు 1941 నవంబరు 17న బెర్లిన్ నుంచి బయలుదేరింది. అందులోని వాళ్లందరినీ నవంబరు 25న లిథువేనియాలోని కౌనస్‌లో కాల్చి చంపారు. ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

బాడ్ ఆరోల్సెన్‌లోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో సుమారు 1.75 కోట్ల మందికి సంబంధించిన పత్రాలున్నాయి. తప్పిపోయినవారిని వెతకడానికి యుద్ధానంతరం మిత్రరాజ్యాలు మొదలుపెట్టిన సంస్థ అది. 2007 దాకా పరిశోధకులను రానివ్వలేదు. ఇప్పుడు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. 1940లలో ఎవరో మీ కుటుంబం గురించి అక్కడికి ఉత్తరం రాసి ఉంటే, ఆ ఉత్తరం రాసినవారి పేరే మీకు బతికి ఉన్న బంధువు జాడ. జెరూసలేంలోని యాద్ వాషెమ్ స్మారక సంస్థలో బంధువులు, స్నేహితులు నింపిన సాక్ష్య పత్రాలున్నాయి. కొన్నిటికి ఫోటోలు అతికించి ఉంటాయి. జర్మన్ యూదు కుటుంబాల ఉత్తరాలు, ఆల్బములు న్యూయార్క్‌లోని లియో బేక్ సంస్థలో ఉన్నాయి. బతికి బయటపడ్డవారి తొలి వాంగ్మూలాలకు లండన్‌లోని వీనర్ గ్రంథాలయం చూడండి.

మీరు ఈ వరుసలో వెళ్తే బాగుంటుంది. మొదట బెర్లిన్ పలకల వెబ్‌సైట్‌లో మీ వీధి పేరుతో వెతకండి. పలకలు వేయించినవారు చాలాసార్లు చిన్న జీవితకథ రాసి పెడతారు. అది ఉంటే మీ పని సగం తగ్గుతుంది. తర్వాత ఫెడరల్ ఆర్కైవ్స్ స్మృతి గ్రంథం (హత్యకు గురైన యూదుల పేర్ల పట్టిక), ఆరోల్సెన్, చిరునామా పుస్తకాలు. ఇవన్నీ ఇంట్లో కూర్చునే చూడవచ్చు. అప్పటికి పుట్టిన తేదీలు, తల్లి పుట్టింటి పేరు చేతికొస్తాయి. ఆ పుట్టింటి పేరు దొరకగానే రెండో కుటుంబం తలుపు తెరుచుకుంటుంది. ఆ తర్వాతే పోట్స్‌డామ్‌కు, లోడ్జ్‌కు రాయండి. జవాబుకు కొన్ని నెలలు పట్టవచ్చు. జర్మన్ రాకపోయినా ఫరవాలేదు, ఇంగ్లీషులో రాస్తే జవాబిస్తారు.

బంధువులు దొరికితే నేరుగా ఫోను చేయకండి. పలకలు వేయించినవారి ద్వారా ఒక ఉత్తరం పంపండి. కొందరికి ఆ భవనం పేరు వినడమే కష్టం. కొందరు మాత్రం మీరు తలుపు తీస్తే లోపలికి వచ్చి ఒక్కసారి వంటగది చూడాలని కోరుకుంటారు. ఆ నిర్ణయం వాళ్లకే వదిలేయండి.

ఇక చివరి ప్రశ్న. తుడవవచ్చు, తుడవండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏటా నవంబరు 9న బెర్లిన్‌లో ఎంతోమంది పలకలు తుడిచి పక్కన కొవ్వొత్తి పెడతారు, మీరు ఆ రోజు దాకా ఆగనవసరం లేదు. ఇత్తడి పాలిష్ అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. లేకపోతే మన ఇళ్లలో ఇత్తడి చెంబులు తోమినట్టే చింతపండుతో తోమి, నీళ్లతో బాగా కడిగి, పొడిగుడ్డతో తుడవండి. తీగ పీచు మాత్రం వాడకండి. ఆ అక్షరాలు ఒక్కొక్కటీ సుత్తితో చేత్తో కొట్టినవి, గీతలు పడతాయి. మీ అమ్మాయి చేతికి గుడ్డ ఇవ్వండి, పిల్లలిద్దరి పలకలు ఆమెను తుడవనివ్వండి. పేర్లు పలకడం తెలియకపోతే పలకల ఫోటో నాకు పంపండి, ఎలా పలకాలో రాసి పంపుతాను.